రసాయనం అంటుకున్నాక

స్మారకోపన్యాసమంటే తొలి పావుగంట పొగడ్తలకే పోవడం మన ఆనవాయితీ. పొగడ్త అంటే, ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న, మాకు చదువు చెప్పిన మాస్టారికి ఒళ్లుమంట. అందుకని ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. వైవాలో ఎవరైనా "ఫలానా రసాయనం డీఎన్‌ఏకు అంటుకుంటుందండీ, దాంతో మ్యుటేషన్ వస్తుందండీ" అని గడగడా చెప్పేస్తే, "ఆగవయ్యా, అంటుకుంది, బాగానే ఉంది. మ్యుటేషన్ వచ్చింది, అదీ బాగానే ఉంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పు" అనేవారు. చాలామందిమి అక్కడే నీళ్లు నమిలేవాళ్లం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ మధ్యలో జరిగేదాని గురించే. బాక్టీరియాలో మ్యుటేషన్‌కు రసాయనం కారణం కావచ్చు గానీ, మ్యుటేషన్ చేసేది మాత్రం బాక్టీరియాయే అన్నది నా వాదన.

పచ్చమందుతో మొదలుపెడతాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. చీము పట్టిన పుండుకో, కాలిన గాయానికో సర్కారు ఆసుపత్రిలో పసుపుపచ్చటి మందులో ముంచిన గాజుగుడ్డ వేసి కట్టు కట్టేవారు. ఆ మందు యాక్రిఫ్లేవిన్. అందులో ప్రోఫ్లేవిన్ అనే రసాయనం ఒక భాగం. ఇప్పుడది అక్వేరియం దుకాణాల్లో చేపల మందుగా ఎక్కువ కనిపిస్తోంది. దీని వంశానికి మూలం యాక్రిడిన్. 1870లో దాన్ని బొగ్గు తారులోంచి వేరు చేశారు. మూడు వలయాలు పక్కపక్కన అతుక్కుని, బల్లపరుపుగా ఉండే అణువు అది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో కార్ల్ బ్రౌనింగ్ బృందం ఈ పచ్చరంగుల్ని గాయాల మందుగా ప్రచారంలోకి తెచ్చింది. డీఎన్‌ఏ ఎలా ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు. సూక్ష్మజీవి చస్తోంది, గాయం మానుతోంది, అంతవరకే వాళ్లకు కావాలి.

ఈ బల్లపరుపు అణువు డీఎన్‌ఏలో ఎక్కడ కూర్చుంటుందో 1961లో లియొనార్డ్ లెర్మన్ తేల్చాడు. డీఎన్‌ఏ ద్రావణంలో యాక్రిడిన్ కలిపితే ద్రావణం చిక్కబడింది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే డీఎన్‌ఏ అడుగుకు దిగే వేగం తగ్గింది. పోగు పొడవు పెరిగి, బిరుసెక్కితే తప్ప ఈ రెండూ కలిసి జరగవు. డీఎన్‌ఏలో క్షార జతలు ఒకదానిమీద ఒకటి 0.34 నానోమీటర్ల ఎడంతో పేర్చి ఉంటాయి. యాక్రిడిన్ రెండు జతల మధ్యకు దూరి, ఆ ఎడాన్ని రెట్టింపు చేసి, అక్కడి మెలికను కాస్త విప్పుతుందన్నాడు లెర్మన్. ఇదే పని చేసే ఎతిడియం అయితే మెలికను దాదాపు 26 డిగ్రీల మేర విప్పుతుంది. గమనించాల్సిందేమంటే ఇక్కడ రసాయన బంధమేమీ ఏర్పడదు. దూరిన అణువు మళ్లీ బయటికి జారిపోగలదు.

అదే ఏడాది కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ బార్నెట్, సిడ్నీ బ్రెన్నర్, రిచర్డ్ వాట్స్-టోబిన్ ఈ ప్రోఫ్లేవిన్‌తోనే జీవశాస్త్రంలో అతి పెద్ద చిక్కుముడుల్లో ఒకదాన్ని విప్పారు. వాళ్లు తీసుకున్నది బాక్టీరియాను తినే టీ4 వైరస్. దానికి ప్రోఫ్లేవిన్ పెడితే ఆర్-టూ-బి అనే జన్యువు చెడిన మ్యుటెంట్లు వచ్చాయి. అలా చెడిన వైరస్ ఒక రకం ఇ. కోలై మీద పెరుగుతుంది, ఇంకో రకం మీద పెరగదు. చెడినదాన్ని మళ్లీ బాగుచేయాలని చూస్తే, బాగైనవాటిలో చాలా భాగం అసలు తప్పు దిద్దుకున్నవి కావు. అసలు తప్పు అలాగే ఉంది, దాని దగ్గరలోనే ఇంకో తప్పు చేరింది. రెండు తప్పులు కలిసి ఒప్పయ్యాయి.

ఇదెలాగో తెలుగు అక్షరాలతోనే చూడొచ్చు. 'అలక మరక పలక నడక పడవ' అని మూడేసి అక్షరాల మాటలు రాసి, రెండో మాటలోని 'మ' కొట్టేయండి. మూడేసి అక్షరాల చొప్పునే చదవాలన్న నియమం ఉంటే 'అలక రకప లకన డకప డవ' అవుతుంది. మొదటి మాట తర్వాత అంతా గందరగోళమే. ఇప్పుడు 'పలక' తర్వాత ఎక్కడినుంచో ఒక 'ట' తెచ్చి పెట్టండి. 'అలక రకప లకట నడక పడవ'. మధ్యలో రెండు మాటలు పాడైనా, నడక, పడవ మళ్లీ దారికొచ్చాయి. ప్రోఫ్లేవిన్ చేసే మ్యుటేషన్ ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా మార్చడం కాదు, ఒకటి చేర్చడమో తీసేయడమో అని దీంతో తేలింది. దీన్నే ఫ్రేమ్‌షిఫ్ట్ అంటాం. చేర్పునకు చేర్పు కలిపితే జన్యువు బాగుపడలేదు. మూడు చేర్పులు దగ్గరదగ్గరగా పెడితే బాగుపడింది. అంటే సంకేతం మూడక్షరాలది. వైరస్ పెరిగిన ఆ ప్లేటు చూసిన రాత్రి, ఈ విషయం లోకంలో మనిద్దరికే తెలుసునని బార్నెట్‌తో తాను అన్నట్టు క్రిక్ తర్వాత రాసుకున్నారు. 1961 డిసెంబర్ 30 నాటి 'నేచర్' సంచికలో అది అచ్చయింది.

పాఠ్యపుస్తకాల కథ ఇక్కడితో సుఖాంతం. యాక్రిడిన్ సందులో దూరింది, కాపీ తీసే ఎంజైము దాన్ని చూసి అక్కడొక క్షారం ఉందనుకుంది, ఒక అక్షరం ఎక్కువ రాసేసింది. చెప్పడానికి ఎంత సులువో! మాస్టారు ఒప్పుకోనిది ఇలాంటి కథలనే. ఎందుకంటే అదే ప్రోఫ్లేవిన్‌ను మామూలు బాక్టీరియాకు పెడితే మ్యుటేషన్లు పెద్దగా రావు. బాక్టీరియా డీఎన్‌ఏలోనూ అది దూరుతుంది, అంతే చక్కగా దూరుతుంది. అయినా రావు. దూరడమే కారణమైతే రెండు చోట్లా ఒకే ఫలితం ఉండాలి కదా!

టీ4 సంగతి తేలడానికి ఇంకో పాతికేళ్లకు పైగా పట్టింది. లిన్ రిప్లీ, ఆమె సహచరులు 1988లో చూపించిందేమంటే, యాక్రిడిన్‌తో మ్యుటేషన్లు గుంపుగా వచ్చే చోట్లు, వైరస్ సొంత టోపోఐసోమరేజ్ ఎంజైము డీఎన్‌ఏను కోసే చోట్లు ఒకటే. ఈ ఎంజైము పని, డీఎన్‌ఏలో పేరుకున్న మెలికలు సడలించడం. రెండు పోగుల్నీ కోస్తుంది, ఆ గండిలోంచి ఇంకో ముక్కను దాటిస్తుంది, మళ్లీ అతికిస్తుంది. యాక్రిడిన్ ఉంటే కోత దగ్గరే ఆగిపోతుంది. తెరిచి ఉన్న కొసల్ని కణంలోని తక్కిన ఎంజైములు కొరకడమో పొడిగించడమో చేస్తాయి. ఒక అక్షరం పోతుంది, లేదా వచ్చి చేరుతుంది. లెర్మన్ చెప్పింది తప్పు కాదు, అణువు దూరడం నిజమే. కానీ అక్షరం పోయింది ఎంజైముల చేతుల్లో. ఈ టోపోఐసోమరేజ్‌ను కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

బాక్టీరియాలో మామూలు యాక్రిడిన్లు పనిచేసేది ఇంకో పద్ధతిలో. జార్జ్ స్ట్రైసింజర్ 1966లో చెప్పినట్టు, ఒకే అక్షరం వరసగా వచ్చే చోట కొత్త పోగు పాత పోగు మీద ఒక అడుగు జారుతుంది. అలా జారినప్పుడు ఏర్పడే చిన్న ఉబ్బును యాక్రిడిన్ నిలబెట్టేస్తుంది, కాపీ అలాగే సాగిపోతుంది. అందుకే డీఎన్‌ఏ అక్షరాలైన క్షారాల్లో సి, జి బారులు తీరిన చోటే దాని ప్రతాపం. ఫిలడెల్ఫియా క్యాన్సర్ పరిశోధన సంస్థలో తయారైన ఐసీఆర్-191 తీరే వేరు. అది యాక్రిడిన్‌కే మస్టర్డ్ గ్యాస్ చేయి ఒకటి తగిలించిన సరుకు. దూరి ఊరుకోదు, జి అక్షరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. బాక్టీరియాలో ఫ్రేమ్‌షిఫ్ట్‌లు దండిగా తెస్తుంది.

ఇక ఈ మ్యుటేషన్లను లెక్కపెట్టే ప్లేటు దగ్గరికి రండి. బర్కిలీలో బ్రూస్ ఏమ్స్ తయారుచేసిన పరీక్ష ఇవాళ చాలా కొత్త మందులు బయటికి రావాలంటే దాటాల్సిన గడప. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకోలేని సాల్మొనెల్లా ఇందులో పనిముట్టు. దాని హిస్టిడిన్ జన్యువులో తప్పు ఉంది. ఇంకో మ్యుటేషన్ వచ్చి ఆ తప్పు సరిపడితేనే అది హిస్టిడిన్ లేని తిండి మీద బతుకుతుంది. 45 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న 2 మిల్లీలీటర్ల పలచటి అగార్‌లో ఆ బాక్టీరియా 0.1 మిల్లీలీటరు పోయాలి. అంటే దాదాపు పది కోట్ల కణాలు. పరీక్షించాల్సిన రసాయనం వేయాలి. ఎలుక కాలేయం సారం కొంచెం. కలిపి, గడ్డకట్టే లోపల ప్లేటు మీద పోసి, అటూ ఇటూ వంచి సమంగా పరచాలి. 37 డిగ్రీల దగ్గర 48 గంటలు. రసాయనమేమీ లేకపోయినా టీఏ98 రకం మీద 30, 40 కాలనీలు వాటంతటవే వస్తాయి. నైట్రోఫ్లోరిన్ లాంటిది వేస్తే వందల్లో, వేలల్లో వస్తాయి.

ఈ పద్ధతిలో అందరూ రాసుకుని, ఎవరూ పట్టించుకోని ఒక పంక్తి ఉంది. హిస్టిడిన్ లేని తిండి అంటాం గానీ, ఆ పలచటి అగార్‌లో హిస్టిడిన్ లవలేశం కలుపుతాం. ఎందుకు? అదే లేకపోతే బాక్టీరియా ఒక్కసారి కూడా విభజన చెందదు. విభజన లేకపోతే డీఎన్‌ఏ కాపీ జరగదు. కాపీ జరగకపోతే రసాయనం ఎంత గట్టిగా అంటుకున్నా అది మ్యుటేషన్‌గా మారదు. అంటుకున్న రసాయనం, ఒక గాయం. ఆ గాయం మీదుగా కాపీ తీసినప్పుడే అది పిల్లకణానికి అక్షరదోషంగా దిగుతుంది. ఆ లవలేశం హిస్టిడిన్‌తో పది కోట్ల కణాలూ నాలుగైదు సార్లు విభజన చెంది, పలచటి పొరలా పరుచుకుని, తిండి అయిపోయి ఆగిపోతాయి. ఈలోగా సరిపడినవి మాత్రం ముందుకెళ్లి కాలనీలవుతాయి.

వెనక వరసల్లో కూర్చున్న ఎమ్మెస్సీ పిల్లలకు ఒక మాట. కాలనీలు లెక్కపెట్టే ముందు మైక్రోస్కోపు కింద ఆ పలచటి పొర ఉందో లేదో చూడండి. లేకపోతే రసాయనం బాక్టీరియాను చంపేసిందన్నమాట. చావగా మిగిలిన కొద్ది కణాలకు ఉన్న హిస్టిడిన్ అంతా దక్కి, సూదిమొనంత కాలనీలు పెడతాయి. అవి మ్యుటెంట్లు కావు. అవీ కలిపి లెక్కేసి రాసిన ప్రాజెక్టు రిపోర్టులు నేను చాలానే దిద్దాను.

ఈ పరీక్ష పదునెక్కిన తీరే నా వాదనకు సగం బలం. ఏమ్స్ బృందం రసాయనాన్ని మార్చలేదు, బాక్టీరియాను మార్చింది. పైపొర చెడగొట్టారు, పెద్ద అణువులు లోపలికి పోయేలా. గాయాన్ని కత్తిరించి పారేసే యూవీఆర్‌బి జన్యువు కూడా తీసేశారు. ఒక్కసారిగా సున్నితత్వం పెరిగింది. అంటే అంతకుముందూ రసాయనం అంటుకుంటూనే ఉంది, బాక్టీరియా చడీచప్పుడు లేకుండా బాగుచేసుకుంటోంది. 1975లో ఇంకో అడుగు వేసి, పీకేఎం101 అనే ప్లాస్మిడ్ ఎక్కించారు. టీఏ1538 అలా టీఏ98 అయింది, టీఏ1535 టీఏ100 అయింది. అంతవరకూ పరీక్షకు చిక్కని కొన్ని క్యాన్సర్ రసాయనాలు అప్పుడు దొరికిపోయాయి. అదే రసాయనం, అదే మోతాదు, అదే జన్యువు. మారిందల్లా కణం లోపల ఉన్న ఎంజైములు.

ఆ ప్లాస్మిడ్ ఏం తెచ్చింది? గాయం మీదుగా గుడ్డిగా కాపీ తీసే ఎంజైము. ఇ. కోలైకి అలాంటిది సొంతంగానే ఉంది. 1970 దశకంలో ఎవలిన్ విట్కిన్, మిరోస్లావ్ రాడ్మన్ బయటపెట్టిన ఎస్ఓఎస్ వ్యవస్థలో అదొక భాగం. మామూలుగా డీఎన్‌ఏ కాపీ తీసే పాలిమరేజ్ మహా నిక్కచ్చి మనిషి లాంటిది, అక్షరం సరిగ్గా అతకకపోతే కదలదు. రసాయనం అంటుకున్న చోట ఆగిపోతుంది. ఆగిన చోట ఒంటిపోగు డీఎన్‌ఏ బయటపడుతుంది, దాని మీద రెక్-ఏ ప్రొటీన్ పేరుకుంటుంది, లెక్స్-ఏ అనే కాపలా ప్రొటీన్ తెగుతుంది, అది అణచి ఉంచిన జన్యువులు పైకి లేస్తాయి. ముందు మరమ్మతు చేసేవి వస్తాయి. వాటివల్ల కాకపోతే, ఆఖర్న ఐదో నంబరు పాలిమరేజ్ వస్తుంది. దానికి తప్పొప్పుల పట్టింపు లేదు. ఎదురుగా ఏముందో తెలియకపోయినా ఏదో ఒక అక్షరం పెట్టి దాటేస్తుంది. ఈ ఎంజైముకు అవసరమైన ఉము-సి జన్యువు తీసేసిన ఇ. కోలై మీద అతినీలలోహిత కాంతి పడితే, కణాలు కొంచెం ఎక్కువ చస్తాయి, మ్యుటేషన్లు మాత్రం దాదాపు రావు. గాయం అంతే ఉంది, తప్పు రాసే చేయి లేదు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు స్ట్రాస్‌బర్గ్‌లో రాబర్ట్ ఫుక్స్ బృందం చేసిన పని చెబుతాను. నా లెక్కలో ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం లేదు. అసిటైల్ అమినోఫ్లోరిన్ అనే రసాయనం ఉంది. పురుగుల మందుగా వాడదామనుకున్నారు, 1941లో అది ఎలుకల్లో క్యాన్సర్ తెస్తుందని తేలి మానేశారు. అది జి అక్షరానికి గట్టిగా అంటుకుంటుంది. జి-జి-సి-జి-సి-సి అనే ఆరు అక్షరాల వరసలో మూడు జి-లు ఉన్నాయి. మూడింటికీ రసాయనం ఇంచుమించు ఒకేలా అంటుకుంటుంది. కానీ రెండక్షరాలు ఎగిరిపోయే మ్యుటేషన్ వచ్చేది మూడో జి-కి అంటుకున్నప్పుడే. ఒక్కో జి-కి విడివిడిగా ఒక్కో అణువు అంటించిన డీఎన్‌ఏ తయారుచేసి, కణాల్లోకి ఎక్కించి, 1989లో దీన్ని రుజువు చేశారు. అంతటితో వదల్లేదు. ఆ మూడో జి దగ్గరికి రెండో నంబరు పాలిమరేజ్ వస్తే రెండక్షరాలు పోతున్నాయి. ఐదో నంబరుది వస్తే, తప్పులకు పేరుబడ్డ అదే ఎంజైము, ఇక్కడ మాత్రం తప్పు లేకుండా దాటిస్తోంది. అదే గాయం, అదే అక్షరం. ఏది ముందు చేయి వేసిందన్నదాన్ని బట్టి ఒక పిల్లకణం మ్యుటెంటు, ఇంకోటి మామూలుది.

ఈ సందర్భంలో ఎతిడియం బ్రోమైడ్ గురించి ఒక ముక్క. ల్యాబుల్లో దాన్ని కాలకూటంలా చూస్తారు, పిల్లల్ని దడిపిస్తారు. అది డీఎన్‌ఏ సందుల్లో దూరుతుంది, యూవీ కింద నారింజరంగులో వెలుగుతుంది, అందుకే జెల్‌లో వాడతాం. అయితే ఏమ్స్ పరీక్షలో అది మ్యుటేషన్లు తెచ్చేది కాలేయం సారం కలిపినప్పుడే. ఈ రసాయనాన్నే పశువుల్లో ట్రిపనోసోమా జబ్బుకు ఇంజెక్షన్‌గా దశాబ్దాలపాటు ఇచ్చారు. ఆక్టినోమైసిన్-డి ఇంతకన్నా గట్టిగా డీఎన్‌ఏను పట్టుకుంటుంది, ఏమ్స్ ప్లేటు మీద మాత్రం మ్యుటేషన్లు చూపదు. పట్టు ఎంత గట్టిదన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంతో చెప్పలేం. గ్లవ్స్ వేసుకోండి, భయం మాత్రం అక్కర్లేదు.

కాలేయం పేరెత్తాను కాబట్టి మన హైదరాబాదు ముచ్చట. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందలమంది కామెర్లతో మంచం పట్టారు, 106 మంది చనిపోయారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూసి, బూజు వదిలిన అఫ్లాటాక్సిన్ దానికి కారణమని తేల్చారు. 1975లో 'లాన్సెట్'లో రాశారు. ఆ చావులు మ్యుటేషన్ వల్ల వచ్చినవి కావు, కాలేయం నేరుగా విషానికి దెబ్బతినడం వల్ల వచ్చినవి. అయితే తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి తింటే అదే విషం కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. అది ఎలాగో చూపినవాటిలో బాక్టీరియా ఒకటి. అఫ్లాటాక్సిన్ తనంతట తానుగా డీఎన్‌ఏను ఏమీ చేయదు. విషాన్ని వదిలించుకుందామని కాలేయం దాన్ని ఆక్సీకరించినప్పుడే కొత్త కొమ్ము మొలుస్తుంది. అప్పుడు క్షార జతల మధ్య దూరి, పక్కనున్న జి-కి అంటుకుంటుంది. 1983లో ఇ. కోలైలో చూస్తే, ఎక్కువగా జి స్థానంలో టి వచ్చి కూర్చుంటోంది. 1991లో కాలేయ క్యాన్సర్ రోగుల పీ53 జన్యువు చదివితే, 249వ కోడాన్‌లో, అంటే 249వ మూడక్షరాల మాటలో, అదే జి నుంచి టి మార్పు. వేరుశనగ పండించే సీమవాళ్లకు ఈ బూజు కొత్త కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దాన్ని పట్టే పరీక్షల మీద చాలా పని జరిగింది.

పటాన్‌చెరు అంటే ఇంకో సంగతీ చెప్పాలి, ఇందాకటి టోపోఐసోమరేజ్ మళ్లీ వచ్చేది ఇక్కడే. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మింగని ఇల్లు మన రాష్ట్రాల్లో ఉండదు. ఆ మందు బాక్టీరియా టోపోఐసోమరేజ్ డీఎన్‌ఏను కోసిన చోట, ఆ కోతలోనే దూరి, మళ్లీ అతకనివ్వదు. టీ4లో యాక్రిడిన్ చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం. మోతాదు నిండుగా ఉంటే కణం చస్తుంది. చాలీచాలకుండా ఉంటే ఎస్ఓఎస్ మేలుకుంటుంది, తప్పులు రాసే పాలిమరేజ్‌లు పైకొస్తాయి, ఆ తప్పుల్లో ఒకటి మందు పనిచేసే చోటే పడి, మందుకు లొంగని బాక్టీరియా పుడుతుంది. 2005లో ఫ్లాయిడ్ రోమ్స్‌బర్గ్ బృందం లెక్స్-ఏ తెగకుండా మార్చిన ఇ. కోలైని ఎలుకలకు ఎక్కించి సిప్రో ఇచ్చింది. ఆ బాక్టీరియాలో మందుకు లొంగని రకం పుట్టలేదు. మందు అదే, దాని దెబ్బా అదే. ఎస్ఓఎస్ తలుపు తెరుచుకోలేదు కాబట్టి మ్యుటేషన్ రాలేదు.

ఇది చూసి చాలామంది ఉత్సాహపడ్డారు. యాంటీబయాటిక్‌తో పాటు రెక్-ఏనో లెక్స్-ఏనో ఆపే ఇంకో మందు ఇస్తే ఎలా ఉంటుందని. ఆలోచన మంచిదే, ల్యాబుల్లో పని సాగుతోంది. కానీ 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో, మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ నీళ్లు అప్పట్లో వాగుల్లో కలిసేవి, దిగువకు పోయేకొద్దీ పలచనయ్యేవి. చంపే మోతాదు నుంచి మేల్కొలిపే మోతాదు దాకా అన్ని మెట్లూ ఆ దారిలో ఉండేవి. లొంగని జన్యువులు ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి ప్లాస్మిడ్ల మీద ఎక్కిపోవడం దానికి తోడు. రోగికి రెండు మందులు కలిపి ఇవ్వగలం. వాగులో ఉన్న బాక్టీరియాకు ఎస్ఓఎస్ ఆపే మందు ఎవరూ పోయలేరు. అక్కడ చేయగలిగింది ఒక్కటే, సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఫ్యాక్టరీ గేటు లోపలే ఆపడం. బయటికొచ్చే నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో అంకె రాసిపెట్టడం, దాన్ని కొలవడం, కొలిచింది అందరికీ కనపడేలా పెట్టడం. కొలిచే పరికరాలూ, కొలవగల పిల్లలూ ఈ ఊళ్లోనే ఉన్నారు.